తగలని దెబ్బ

మా చిన్న ఆడపడుచు కొడుకు పై చదువుకని లండన్ వెళ్ళి ఏడాదిన్నరయింది. వెళ్ళిన కొత్తలో రెండు రోజులకోసారి ఫోను చేసి, "అత్తమ్మా, పప్పులో చింతపండు ఎంత వెయ్యాలె? పోపుల ముందు ఆవాలా, జీలకర్రా?" అని అడిగేవాడు. మీ అమ్మను అడగరాదట్రా అంటే, "అమ్మ ఏడుస్తది, నువ్వయితే చెప్తవ్" అనేవాడు. ఇప్పుడు చెయ్యి తిరిగింది కాబోలు, వంట మాటలు తగ్గాయి. ఆదివారాలు తిరిగి చూసినవాటికి ఫొటోలు తీసి పంపుతున్నాడు.

అలా మొన్న ఒక విమానం ఫొటో వచ్చింది. ఒకదాని మీద ఒకటి రెండు వరుసల రెక్కలు, ముందర చెక్క పంకా, పైకప్పు లేని రెండు సీట్లు. పెళ్ళిపందిరి ఊడదీసి చక్రాలు తగిలించినట్టుంది. కింద వాడి రాత: "అత్తమ్మా, ఇది మనదే. మన నిజాం పైసలతోని వచ్చిన విమానం."

మన నిజామేమిటి, లండన్‌లో విమానమేమిటి అని నాకూ తోచలేదు. కథలు రాసుకునేదాన్ని కదా, ఒక ముక్క దొరికితే ఊరుకోలేను. మావారు కాఫీకి రెండుసార్లు పిలిచినా వినిపించుకోకుండా నాలుగు రోజులు ఆ సంగతే చదివాను. చదివిన తరువాత ఒక ప్రశ్న పట్టుకుంది. అదిగో, దానికోసమే ఇదంతా రాస్తున్నాను. మీరు కూడా పని చేసుకుంటూనే ఆలోచించి చూడండి.

మొదటి ప్రపంచ యుద్ధం నాటి మాట. బ్రిటిషువారికి నమ్మిన నేస్తంగా పేరు తెచ్చుకున్న ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్, యుద్ధానికి ధారాళంగా డబ్బిచ్చాడు. ఆ డబ్బుతో ఒక బాంబర్ల దళానికి మొట్టమొదటి విమానాలన్నీ సమకూరాయి. డీహెచ్ 9ఏ అని వాటి పేరు. ఇద్దరు కూర్చునే తేలిక బాంబర్లు. కట్టె చట్రం, దాని మీద గుడ్డ, ముందర నాలుగు వందల గుర్రాల బలం ఉన్న అమెరికా ఇంజను. ఇది నిజాం కానుక అని ఒక్కో విమానం ఒంటి మీదా రాయించారు. ఆ దళానికే 110 హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు నిలిచిపోయింది. 1918 సెప్టెంబరు ఒకటిన అది ఫ్రాన్సులో బెతోంకూర్ అనే పల్లెలో దిగింది. అక్కణ్ణుంచి పట్టపగలు జర్మనీ ఊళ్ళ మీదికి వెళ్ళి బాంబులు వేసి రావడం దాని పని.

నిజాం డబ్బు అంటే ఎవరి డబ్బు? దివాణం ఖజానా కానివ్వండి, నవాబుగారి సొంత సర్ఫేఖాసు కానివ్వండి, రెంటిలోకీ వచ్చింది ప్రధానంగా రైతు కట్టిన శిస్తే. మా అత్తవారిది ఖిల్లా ఘణపూర్. ఇప్పుడు వనపర్తి జిల్లా, 2016కు ముందు మహబూబ్‌నగర్ జిల్లా, అప్పుడు నిజాం ఇలాకా. కాకతీయుల సామంతుడు గోన గణపారెడ్డి పదమూడో శతాబ్దంలో గుట్టల మీద కట్టించిన కోట, దాని కింద గణపసముద్రం చెరువు, ఆ చుట్టూ మెట్ట చేలు. వాన పడితే పంట, లేకుంటే వలస. ఆ 1918లోనే దేశమంతటా వానలు మొండికేశాయి. దానికి తోడు ఇన్‌ఫ్లూయెంజా వచ్చి దేశం మొత్తం మీద కోటిమందికి పైగా తుడిచిపెట్టుకుపోయారు. జొన్నగట్క కూడా కరువైన ఆ ఏడు, మా ఘణపురం రైతు పంచె కొంగున ముడివేసి తెచ్చి కట్టిన రూపాయి ఒక్కటైనా ఆ విమానాల గుడ్డలోనో మేకులోనో కలవలేదని ఎవరనగలరు? విమానమన్నది ఎలా ఉంటుందో కూడా ఎరగని మనిషి, చూడని దేశంలో, తెలియని ఊరి మీద బాంబు వేయడానికి చందా ఇచ్చాడన్నమాట!

ఇక అసలు కథ. 1918 అక్టోబరు 5న ఈ హైదరాబాదు విమానాలు కొలోన్ నగరానికి బయల్దేరాయి. జ్వరమొచ్చినప్పుడు నుదుటి మీద తడిగుడ్డలో ఓడికొలోన్ వేసేవాళ్ళు చూడండి, ఆ అత్తరుకు పేరిచ్చిన ఊరదే. రైను నది ఒడ్డున, పెద్ద చర్చీతో, లక్షల జనంతో ఉండే నగరం. దారిలో వాతావరణం అడ్డు తగిలింది. అంత దూరం పోలేమని తేలింది. మరి మోసుకెళ్ళిన బాంబులు? వాటిని కైజర్‌స్లౌటర్న్, పిర్మాసెన్స్ అనే వేరే ఊళ్ళ మీద వేశారు. మా వాడు ఫొటో తీసిన విమానం ఎఫ్1010 ఆ రోజే దిగిపోవలసి వచ్చింది. అందులోని ఇద్దరూ ప్రాణాలతో జర్మన్ల చేతికి చిక్కారు. విమానాన్ని బెర్లిన్ మ్యూజియంలో పెట్టుకున్నారు. రెండో యుద్ధంలో అది పోలండుకు తరలిపోయి, చివరికి 1977లో ఒక స్పిట్‌ఫైర్ విమానం బదులిస్తే లండన్ చేరింది. కుండమార్పిడి పెళ్ళిలాగ!

అదే నెల 21న మళ్ళీ కొలోన్‌కే బయల్దేరారు. మళ్ళీ మబ్బులే. విమానాలు చెల్లాచెదురయ్యాయి. ఏడు విమానాలు తిరిగి రాలేదు. సరిగ్గా మూడు వారాలకు, నవంబరు 11న, యుద్ధమే ముగిసింది.

నా ప్రశ్న ఇదీ. ఆ రెండు రోజులూ కొలోన్‌లో పిల్లలు బడికి వెళ్ళి వచ్చారు, ఆడవాళ్ళు రొట్టె కోసం వరుసల్లో నిలబడ్డారు, సాయంత్రం దీపాలు పెట్టుకున్నారు. తమ మీదికి ఏం బయల్దేరిందో, మధ్యలో ఏ మబ్బు దాన్ని ఆపిందో వాళ్ళలో ఎందరికి తెలుసు? దళం లెక్కలో అది విఫలం. కొలోన్ తల్లుల లెక్కలో పుణ్యం. మరి వెయ్యాలని వెళ్ళి, వెయ్యలేక వచ్చినవాడి లెక్కలో ఏమిటి? తగలని దెబ్బకు పాపం ఉంటుందా, ఉండదా?

యుద్ధాల గొడవ మనకెందుకు లెమ్మని పేజీ తిప్పకండి. ఈ ప్రశ్న నాకు విమానం వల్ల పుట్టలేదు. ఇరవై మూడేళ్ళుగా నా ఇంట్లోనే ఉంది. విమానం దాన్ని అటక మీంచి దింపిందంతే.

నా పెళ్ళయిన ఏడాది మా కాపురం ఖిల్లా ఘణపూర్‌లోనే. అత్తగారు, మామగారు, మావారు, చిన్న ఆడపడుచు. ఆమెకు అప్పుడు పందొమ్మిదేళ్ళు. నాకు ఇరవై రెండు. నేను దాచుకుని దాచుకుని కథలు రాసుకునే రోజులవి. బట్టల అడుగున పెట్టిన నోటుబుక్కు ఆ అమ్మాయికి దొరికింది. ఒక పండుగనాడు ఇంటినిండా చుట్టాలుండగా దాన్ని తెచ్చి, నేను ఎంతో ఇష్టపడి రాసుకున్న కథను గొంతు మార్చి, చేతులు తిప్పి, నాటకంలా చదివింది. అందరూ కడుపుబ్బ నవ్వారు. మావారు కూడా నవ్వారు. నేను వంటింట్లో నిలబడి వింటున్నాను. ఇవాళ చెబితే చిన్న సంగతిలాగే ఉంటుంది. ఆనాడు నా ఒంటి మీద బట్ట లాగేసినట్టనిపించింది.

నెల తిరక్కుండా ఆమెకు ఒక మంచి సంబంధం కుదిరింది. చిన్నప్పుడు ఆమెకు రెండు మూడుసార్లు మూర్ఛ వచ్చింది. మందులతో తగ్గిపోయి పదేళ్ళయినా, ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనరు. నాకు ఎలా తెలిసిందంటే, అత్తగారు నన్ను కూతురిలా భావించి ఒక మధ్యాహ్నం చెప్పుకుని కళ్ళొత్తుకున్నారు కాబట్టి. ఆ నమ్మి చెప్పిన మాటనే తీసుకుని నేనొక ఆకాశరామన్న ఉత్తరం రాశాను. నీలం ఇన్‌లాండ్ లెటరు మీద, దస్తూరి తెలియకుండా ఎడమచేత్తో. "మీ మేలుకోరేవారు" అని సంతకం. నవ్వకండి, మేలుకోరేవారి సంతకంతో వచ్చే ఉత్తరాలన్నీ అలాంటివే.

కొత్త కోడలు బస్టాండు దాకా నడిచి పోస్టుడబ్బాలో ఉత్తరం వేస్తే ఊరంతా చూస్తుంది. అందుకని పాలు పోసే పిల్లవాడికిచ్చాను. పదేళ్ళుంటాయి వాడికి. ఆ రోజు ముసురు పట్టి ఉంది. గంటకు వాడు తిరిగొచ్చాడు. వాగు దాటుతుంటే జారి పడ్డాడట. చొక్కాలోపల దాచిన ఉత్తరం నీళ్ళు తాగి, అక్షరాలన్నీ కలిసిపోయి, నీలం ముద్దయింది. దాన్ని పొయ్యిలో పెట్టాను. మళ్ళీ రాయలేదు. పెళ్ళి జరిగింది. ఆ పెళ్ళికి పుట్టిన బిడ్డే లండన్‌లో నిలబడి ఈ విమానం ఫొటో తీసి నాకు పంపినవాడు.

ఇప్పుడు చెప్పండి. ఆ ఉత్తరం చేరనందుకు నేను మంచిదాన్నా?

కోర్టువారి లెక్క ప్రకారం హత్యకు ఒక శిక్ష, హత్యాప్రయత్నానికి ఇంకొక శిక్ష. దెబ్బ తగలకపోతే శిక్ష తగ్గుతుంది. లోకం కూడా అంతే. తగిలినవాడిని చూసి దుర్మార్గుడంటుంది, తగలకపోతే అసలు చూడనే చూడదు. మన పెద్దలు మాత్రం మనసా, వాచా, కర్మణా అని మూడు చిట్టాలు పెట్టారు. కర్మ చిట్టాలో నా పేజీ ఖాళీ. మనసు చిట్టాలో మాత్రం ఎడమచేతి దస్తూరితో నిండి ఉంది. మధ్యలో ఉన్నది ఒక వాగు, ఒక జారుడు రాయి. ఆ రాయి చేసిన పుణ్యాన్ని నా ఖాతాలో వేసుకోవడానికి నాకు సిగ్గుగా ఉంటుంది.

"నువ్వు రాసింది అబద్ధమా ఏమిటి? నిజమే కదా! దాచి పెళ్ళి చెయ్యడం మాత్రం తప్పు కాదా?" అని మీలో కొందరు అంటారని తెలుసు. నేనూ చాలా ఏళ్ళు ఆ మాటతోనే నన్ను నేను సముదాయించుకున్నాను. ఆ నిజం చెప్పాలనే ఉంటే అత్తగారితో అనాలి, "వాళ్ళకు ముందే చెబుదామండీ" అని. పేరు పెట్టుకుని, కుడిచేత్తో రాయాలి. నేను నిజాన్ని వాళ్ళ మేలు కోసం రాయలేదు. ఆ పిల్ల మీద విసరడానికి చేతికి దొరికిన రాయి అది. నిజం కావడం వల్ల రాయి మెత్తబడదు.

ఇంకొక వాదన ఉంది. "మనం ఆగితే ఏం, ఆ పని ఇంకొకరు చేస్తారు" అని. కొలోన్ విషయంలో అది అక్షరాలా జరిగింది కూడా. 1918లో మబ్బులు కాపాడిన ఆ నగరం మీదికే 1942 మే 30 రాత్రి వెయ్యికి పైగా విమానాలు ఒక్కసారిగా వెళ్ళాయి. నాలుగు వందల మందికి పైగా పోయారు, ఊరు తగలబడింది. ఆ ఏడే ఏప్రిల్ 6న మన విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా జపానువాళ్ళ బాంబులు పడ్డాయి. జనం మూటాముల్లె సర్దుకుని ఊళ్ళు పట్టుకుని పరుగెత్తారు. వెయ్యబోయేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, నిజమే. కాని ఇరవై నాలుగేళ్ళంటే చిన్న మాటా? ఆ మధ్యలో కొలోన్‌లో ఎన్ని పెళ్ళిళ్ళు జరిగి ఉంటాయి, ఎందరు పిల్లలు అక్షరాలు దిద్ది ఉంటారు! కీడు ఒక్కరోజు ఆలస్యమైనా ఆ రోజు బతుకు ఆ రోజుదే. "ఎలాగూ ఎవరో ఒకరు చెడగొడతారు" అని మనం చెడగొట్టడానికి తయారవడం, ఎలాగూ మాసిపోతుందని ఉతికిన బట్టను బురదలో వెయ్యడంలాంటిది.

అయితే ఆ దళం కథలో నన్ను నిజంగా పట్టుకున్న ఊరు కొలోన్ కాదు, పిర్మాసెన్స్. చెప్పులు, బూట్లు కుట్టే చిన్న ఊరది. బాంబులు దానికోసం బయల్దేరలేదు. కొలోన్ అందలేదు కాబట్టి దాని మీద పడ్డాయి. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు అని మన సామెత. ఆ దుత్త ఏం చేసింది పాపం? పగలడానికి అందుబాటులో ఉంది, అంతే.

ఆలోచిస్తే మన ఇళ్ళలో గురి చేరని కోపాలే ఎక్కువ. ఆఫీసులో పైవాడినేమీ అనలేని మగవాడు ఇంటికొచ్చి పప్పులో ఉప్పెక్కువైందంటాడు. ఆయన్నేమీ అనలేని ఇల్లాలు చదవడం లేదని పిల్లవాడి వీపు మీద ఒకటి వేస్తుంది. పిల్లవాడు కుక్కపిల్లను తంతాడు. ఎక్కడో బయల్దేరినది ఎక్కడో పడుతుంది. పడిన చోట ఉన్నవాళ్ళకు అది ఎక్కడ పుట్టిందో తెలియదు.

భారతంలో సరిగ్గా ఈ కథే ఉంది. యుద్ధం చివర అశ్వత్థామ పాండవుల మీద బ్రహ్మశిరోనామకాస్త్రం వేశాడు, దానికి ఎదురుగా అర్జునుడూ వేశాడు. రెండూ కలిస్తే లోకం బూడిదవుతుందని వ్యాసుడూ నారదుడూ మధ్య నిలబడి ఉపసంహరించమన్నారు. అర్జునుడు వెనక్కి తీసుకోగలిగాడు. అశ్వత్థామకు చేతకాలేదు. పాండవులు దక్కలేదు, వెనక్కి తిప్పడం రాలేదు. ఏం చేశాడు? పాండవుల ఇంటి ఆడవాళ్ళ గర్భాల మీదికి మళ్ళించాడు. యుద్ధంతో ఏ సంబంధమూ లేని ఉత్తర కడుపులోని బిడ్డ మీద పడిందది. కృష్ణుడు బతికించాడు కాబట్టి పరీక్షిత్తు. నా చిన్నప్పుడు ఈ కథ వింటే, వెయ్యడం గొప్పా, తియ్యడం గొప్పా అనిపించేది. ఇప్పుడనిపిస్తుంది, వెయ్యడం అందరికీ వచ్చు. తీసుకోవడం వచ్చినవాడే విలుకాడు.

మన హైదరాబాదు దళానికే ఇరవై ఒక్కేళ్ళ తరువాత ఇంకొక కథ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ దిగిన మర్నాడే, 1939 సెప్టెంబరు 4న, జర్మన్ యుద్ధనౌకల మీదికి పదిహేను బ్లెన్‌హీమ్ బాంబర్లు వెళ్ళాయి. 110, 107, 139 అని మూడు దళాలు, ఒక్కోదానికి అయిదు. అప్పటికింకా ఓడల మీదే గాని ఊళ్ళ మీద వెయ్యరాదన్న కట్టుబాటు ఉండేది. 110వారు అడ్మిరల్ షేర్ అనే ఓడను కొట్టారు. తగిలిన బాంబులు పేలనే లేదు. వాళ్ళ విమానం ఒకటి పోయింది. 107వారివి అయిదింట నాలుగు పోయాయి. 139 దళంవాళ్ళకు ఆ మబ్బులో, వానలో అసలు ఓడలే కనబడలేదు. బాంబులతో సహా వెనక్కి తిరిగి వచ్చేశారు.

పత్రికల్లో పేర్లు, పతకాలు ఓడను కొట్టినవాళ్ళకే దక్కుతాయి. ఊరికే వెళ్ళి ఊరికే వచ్చినవాళ్ళ గురించి ఎవరు రాస్తారు? కాని ఆలోచించండి, కడుపులో బాంబులతో విమానాన్ని నేల మీద దింపడం మాటలా! చక్రం కాస్త గట్టిగా తగిలితే వేసినవాడే పోతాడు. దారిలో ఏదో ఒక చోట పడేసి తేలికగా రావడమే సుఖం. మోసుకెళ్ళినదాన్ని మళ్ళీ మోసుకొచ్చి, మెల్లగా దించి, ఒక్కొక్కటే విప్పి పక్కన పెట్టడం ఎంత కష్టం! నోటిదాకా వచ్చిన మాటను మింగి, దాన్ని పిల్లల మీదా కక్కకుండా, గిన్నెల మీదా చూపకుండా, రాత్రి దిండు మీద తల పెట్టుకుని తనలో తానే విప్పుకునే ఆడవాళ్ళు నాకు తెలుసు. మీకూ తెలుసు. వాళ్ళను చేతగానివాళ్ళంటుంది లోకం.

నేను అలాంటిదాన్ని కాను. ఇక్కడే నేను ఇందాక చెప్పకుండా దాటేసిన ముక్క చెప్పాలి.

తడిసిన ఉత్తరంతో పాలపిల్లవాడు తిరిగొచ్చాడన్నాను కదా. వాడు దాన్ని వాగులో పారేసి, "వేసినక్కా" అంటే నాకు తెలిసేది కాదు. వానలో అంత దూరం నడిచి వచ్చి, మోకాలు గీరుకుపోయి నెత్తురు కారుతుంటే, నిజం చెప్పడానికి నా గుమ్మంలో నిలబడ్డాడు. నేనేం చేశాను? వాడి మోకాలు చూడలేదు. నెల రోజులుగా ఎవరి మీదో దాచుకున్న కోపమంతా వాడి మీద గుమ్మరించాను. చేతగానివాడివన్నాను. బర్రెలు కాసుకునే బుద్ధి అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. వాడు తల వంచుకుని అంతా విని, చివర్న, "కోపం జెయ్యకక్కా. రేపు పాల పైసలొస్తయ్, కొత్తది నేనే కొనుక్కొస్త" అన్నాడు.

నాలో ఆ మాటతో ఏదో తెగింది. నేను విసరబోయే రాయికి వాడు డబ్బిస్తానంటున్నాడు. అందులో ఏముందో ఎరగడు. వద్దురా అని పంపేశాను. ఉత్తరం మళ్ళీ రాయకపోవడానికి కారణం నా మంచితనం కాదు, వాడి ముఖం. మర్నాటి నుంచి వాడి బదులు వాళ్ళ నాన్న పాలు పోశాడు. పిల్లవాడు మా గడప తొక్కలేదు.

ఇన్నేళ్ళూ నేను తప్పు చేశానా లేదా అని లెక్కవేసుకున్నదంతా ఆడపడుచు విషయంలోనే. నా కొలోన్ క్షేమంగానే ఉంది, పిల్లాపాపలతో చల్లగా ఉంది. నా పిర్మాసెన్స్ సంగతి మాత్రం ఆ పేరు చదివేదాకా నాకు గుర్తే రాలేదు. తగలని దెబ్బ గురించి తర్జనభర్జన పడుతూ, తగిలిన దెబ్బను మరిచిపోయాను!

కిందటి సంక్రాంతికి అందరం ఘణపురం వెళ్ళాం. వాడి గురించి వాకబు చేశాను. పాలమూరు పిల్లలందరిలాగే వాడూ పదిహేనేళ్ళకే కూలిపనికి బొంబాయి వెళ్ళాడట. వాళ్ళ ఇల్లు పడిపోయి మట్టిదిబ్బయింది. తరువాత ఎటు పోయాడో చెప్పినవాళ్ళు లేరు.

ఆ సాయంత్రం నేనూ ఆడపడుచూ కోట ఎక్కాం. ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులు, నాలుగు మెట్లకోసారి కూర్చోవడం. పైన గోడ పక్కన కూర్చుంటే గణపసముద్రం మీద ఎండ వాలుతోంది. ఆమె ఫోనులో కొడుకు ఫొటో చూసుకుంటోంది. చేసిన పాపం చెబితే పోతుందంటారు. చేయబోయిన పాపం సంగతి ఎవరూ చెప్పలేదు. అయినా చెప్పేశాను, నోటుబుక్కు దగ్గర్నుంచి పొయ్యి దాకా. చెప్పడం న్యాయమో, నా బరువు ఆమె మీద పెట్టడమో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆమె చాలాసేపు చెరువు వంకే చూసింది. తరువాత ఒక్కటే అడిగింది.

"వాన పడకుంటే వేసేదానివా, వదినా?"

అబద్ధం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. "వేసేదాన్ని" అన్నాను.

ఆమె లేచి ముందు నడిచింది. దిగేటప్పుడు నేను ఆగినచోటల్లా తానూ ఆగింది గాని, వెనక్కి తిరిగి చూడలేదు. హైదరాబాదు వచ్చాక పన్నెండు రోజులు ఫోను లేదు. రోజూ పొద్దున్నా సాయంత్రం మాట్లాడుకునేవాళ్ళం మేము. ఆ పన్నెండు రోజులూ ఆ మూగ ఫోను వంక చూస్తూ నేనేమీ అడగలేదు. అడిగే హక్కు నాకు లేదు. పదమూడో రోజు ఆమే చేసింది.

"నీ కత చదివి నవ్విన్నే, అది నాకు యాదికి లేదు వదినా. పొద్దటి సంది యాది చేసుకుంటున్న. వస్తలేదు" అంది. కాసేపాగి, "ఆ పోరనికి మోకాలికి పసుపన్న పెట్టినవా?" అని అడిగింది.

"లేదు" అన్నాను.

"పెట్టాల్సుండె" అంది.

ఇది రాయనా అని అడిగితే, "రాసుకో, నా పేరు మాత్రం వెయ్యకు" అంది. వెయ్యలేదు. ఎక్కడ ఉన్నాడో తెలియని ఆ పిల్లవాడి పేరు కూడా వెయ్యలేదు. ఇప్పుడు ముప్పై దాటి ఉంటాయి వాడికి. పెళ్ళాం, పిల్లలు ఉండి ఉంటారు. ఏ రోజైనా వానలో తడిసి ఇంటికొచ్చిన తన బిడ్డ మీద వాడు కోపం చెయ్యకుండా ఉండాలని, నా దగ్గర మొదలైనది అంత దూరం పోకుండా ఎక్కడో ఒక మబ్బులో ఆగిపోయి ఉండాలని కోరుకుంటున్నాను.